ముందు వేలు పెట్టి చూడండి, డబ్బు తర్వాత పెట్టండి

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ. ఫొటో స్టూడియో నడుపుతున్నా. పెళ్లి వీడియోల ఎడిటింగ్ కోసం మూడు వారాల కింద కొత్త డెస్క్‌టాప్ కట్టుకున్నా. హైదరాబాద్‌లో పార్టులు కొని, అక్కడే మా బామ్మర్ది రూములో ఇద్దరం కలిసి బిగించి, బస్సులో తెచ్చుకున్నా. ఇంటెల్ ఐ7-12700 ప్రాసెసర్, డబ్బాలో దాంతోపాటు వచ్చిన ఫ్యానే, బీ660 బోర్డు, ముందు అద్దం ఉన్న కేసు. ఏ పనీ చేయనప్పుడే 54 డిగ్రీలు చూపిస్తోంది. ఎక్స్‌పోర్ట్ పెడితే నాలుగైదు సెకన్లలో 100. ఫ్యాను రైస్ మిల్లు మోటారులా అరుస్తుంది, గంటలో అయ్యే పని రెండు గంటలు పడుతోంది. పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టినా 98కి తగ్గింది, అంతే. పార్టులు అమ్మినాయన ‘ఐ7 అంటే అట్లనే ఉంటది’ అన్నాడు. ఫ్రెండు లిక్విడ్ కూలర్ వేయించమంటున్నాడు, తొమ్మిది వేలట. ప్రాసెసర్ పోయిందా? లేకపోతే పోతుందా? స్క్రీన్ ఫొటో పంపుతున్నా. ఇది పెళ్లిళ్ల సీజను, టెన్షన్‌గా ఉంది.

— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ, ఆ తొమ్మిది వేలు జేబులోనే ఉండనివ్వండి. ప్రాసెసర్ పోలేదు. కూలర్, అంటే ప్రాసెసర్ మీద కూర్చునే ఆ ఫ్యానూ దాని రేకులూ, దానికి సరిగా ఆనలేదని నా నమ్మకం. ఎందుకంటున్నానో చెప్తాను, ఎందుకంటే ఇదే ప్రశ్న వేరే వేరే మాటల్లో చాలామంది అడుగుతుంటారు, అందరిదీ ఒకే జబ్బు కాదు.

మీరు పంపిన ఫొటో హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముది. అందులో ఎర్రగా కనబడే 100ని చూసి మీరు బెదిరిపోయారు. నేను చూసింది దాని కింద, ప్యాకేజ్ పవర్ అనే వరుసలో ఉన్న 71 వాట్ల అంకె. ఆ క్షణాన ప్రాసెసర్ ఎంత వేడి పుట్టిస్తోందో చెప్పేది అదే. డిగ్రీలు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఎన్ని వాట్లకు అన్ని డిగ్రీలు వచ్చాయన్నదే లెక్క.

ఇంటెల్ ఈ చిప్‌కు రాసిన మామూలు లెక్క 65 వాట్లు. గట్టి పని పడ్డప్పుడు 180 దాకా లాగొచ్చని కూడా ఆ కంపెనీయే రాసింది. 100 డిగ్రీలు దాని హద్దు. అక్కడికి చేరగానే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, దాన్నే థ్రాట్లింగ్ అంటారు. అంటే మీ చిప్ 180 అడిగింది, వేడి బయటికి పోయే దారి లేక 71 దగ్గర బిగబట్టుకుని కూర్చుంది. డబ్బాలో వచ్చే ఆ చిన్న ఫ్యాను గొప్పదేమీ కాదు కానీ, 70 వాట్లకే చేతులెత్తేసేంత పనికిరానిదీ కాదు. సరిగా ఆనితే మీ ఊరి మే నెల గదిలో కూడా ఆ వాట్లకు 80 దరిదాపుల్లో ఉంచాలి. ఫ్యాను మూడు వేల చుట్లకు దగ్గరగా తిరుగుతున్నట్టు మీ ఫొటోలోనే ఉంది, కాబట్టి వైరు తప్పు చోట పెట్టారన్న అనుమానమూ లేదు.

నాలుగైదు సెకన్లలో వంద ఎక్కడం కూడా గుర్తే. అయితే అదొక్కటే చూస్తే పొరబడతాం. బోర్డు హద్దులన్నీ తీసేసి 180 వాట్లు లాగుతుంటే, బిగింపు ఎంత బాగున్నా ఈ చిన్న కూలర్ అంతే త్వరగా వందకు పోతుంది. తక్కువ వాట్లు, అయినా సెకన్లలో వంద: ఈ రెండూ కలిస్తేనే ఆనకపోవడం. అలా కాకుండా పది, పదిహేను నిమిషాలు నెమ్మదిగా ఎక్కుతూ పోతే కేసులో గాలి ఆడటం లేదని అర్థం. మీ టేబుల్ ఫ్యాన్ పరీక్ష కూడా దీనికే సాక్ష్యం. గాలే సమస్య అయితే తలుపు తీసి ఫ్యాను పెట్టగానే పది డిగ్రీలైనా పడిపోవాలి. మీకు రెండే పడ్డాయి.

ఇక చేత్తో చేసే పరీక్ష. ఎక్స్‌పోర్ట్ పెట్టి రెండు నిమిషాలు నడవనివ్వండి. తర్వాత షట్‌డౌన్ చేసి, ప్లగ్గు పీకి, ఫ్యాను ఆగాక దాని పక్కనున్న అల్యూమినియం రేకుల మీద వేలు పెట్టండి. లోపల చిప్ వందలో ఉన్నా రేకులు గోరువెచ్చగానే ఉంటే వేడి అక్కడిదాకా రావడం లేదు. రేకులు చుర్రుమంటే వేడి వస్తోంది, గాలికి పోవడం లేదు. సొట్టపడ్డ పెనం మీద దోసె వేసినప్పుడు మంట ఎంత పెట్టినా ఆనిన చోట మాడుతుంది, ఆనని చోట పచ్చిగానే ఉంటుంది కదా, ఇదీ అంతే. మీ రేకులు గోరువెచ్చగానే ఉంటాయని నేను పందెం కాస్తాను.

ఎందుకు ఆనలేదంటారా? ఆ ఫ్యానుకు నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. నన్నడిగితే కంప్యూటర్ మొత్తంలో అతి నాసి ఏర్పాటు అది. నాలుగూ ‘టక్కు’మన్నాయనిపిస్తుంది, మూడే అంటాయి. నాలుగోది రంధ్రం అంచున కూర్చుని చూసేవాళ్లను మోసం చేస్తుంది. మీ కేసు హైదరాబాద్ నుంచి నార్కట్‌పల్లి దాకా, అక్కణ్నుంచి అద్దంకి రోడ్డు మీద మిర్యాలగూడ దాకా బస్సులో కుదుపులు తింటూ వచ్చింది. సగం దిగిన పిన్ను దారిలో ఎక్కడో పైకి లేచి ఉంటుంది.

సరిచూడ్డం కష్టం కాదు. కేసుకు మీరు ఇదివరకు తీసిన తలుపుకు ఎదురుగా, రెండో వైపున్న తలుపు కూడా తీయండి. ప్రాసెసర్ వెనకాల కేసు రేకుకు పెద్ద కిటికీలాంటి కోత ఉంటుంది, అందులోంచి బోర్డు వీపు కనబడుతుంది. నాలుగు చోట్లా ప్లాస్టిక్ కాళ్లు పూర్తిగా బయటికొచ్చి విచ్చుకుని, వాటి మధ్య నల్ల పిన్ను దిగి కనిపించాలి. ఫోన్ టార్చి వేసి నాలుగూ ఒకదానితో ఒకటి పోల్చండి. ఏదో ఒకటి పొట్టిగా కనబడితే దొంగ దొరికినట్టే.

దొరికింది కదా అని దాన్నొక్కదాన్నే నొక్కి తలుపు మూసేయకండి. కూలర్ కింద ఫ్యాక్టరీలో రాసిన పేస్టు, అంటే చిప్ వేడిని కూలర్‌కు దాటించేది, ఇప్పటికే ఒక పక్కకు నలిగి ఉంటుంది. తీసి, తుడిచి, కొత్తది వేయాలి. తీసే ముందు కంప్యూటర్‌ను ఒక ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచితే పేస్టు మెత్తబడుతుంది. తర్వాత ఆపి, కరెంటు వైరు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలి, కేసు ఇనుమును ముట్టుకుని పని మొదలుపెట్టండి. పిన్నుల తలల మీద బాణం గుర్తుంటుంది. ఆ బాణం బిగించడానికి అనుకుంటారు చాలామంది, కాదు, విప్పడానికి. బాణం వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగండి. నాలుగూ వచ్చాక కూలర్‌ను కొంచెం అటూ ఇటూ మెలితిప్పి ఎత్తండి. మళ్లీ బిగించేటప్పుడు ఆ తలలు బాణానికి ఎదురు వైపు తిరిగి ఉన్నాయో లేదో చూశాకే నొక్కాలి. మీ బామ్మర్ది ఇక్కడే తప్పు చేశాడని నా అనుమానం, ఆయనకు చెప్పకండి.

ఇదే పని ఏఎండీ రైజెన్ పాత ఏఎం4 బోర్డు మీద చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ ప్రాసెసర్‌ను పైనుంచి నొక్కిపట్టే చట్రం ఉండదు. ఎండిన పేస్టుతో కూలర్‌ను గట్టిగా లాగితే ప్రాసెసర్ కూడా దానికి అంటుకుని ఊడొస్తుంది, దాని కింది లోహపు పిన్నులు వంగుతాయి. మీది ఇంటెల్, పైన ఇనుప చట్రం ఉంది, ఆ భయం లేదు.

పాత పేస్టు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. సెల్‌ఫోన్ రిపేరు షాపులో ఐపీఏ అంటే ఇస్తారు, వాళ్లు రోజూ బోర్డులు కడిగేది దాంతోనే. పీచు రాలని గుడ్డతో రెండు వైపులా అద్దంలా వచ్చేదాకా తుడవండి. కొత్త పేస్టు ట్యూబు కూడా అక్కడే దొరుకుతుంది, కంప్యూటర్ ప్రాసెసర్‌కని చెప్పి బూడిదరంగుది తీసుకోండి. లిక్విడ్ మెటల్ అని ఎవరైనా అంటగడితే వద్దనండి. అది కరెంటును పారనిస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది.

ఎంత వేయాలి? కొత్త ఇంటికి రంగు వేసే ముందు గోడకు లప్పం పెడతారు చూడండి, ఎందుకు? గుంటలు పూడటానికి. మనకు గోడే కావాలి, లప్పం కాదు. ఇక్కడా అంతే. రెండు లోహాలూ ఒకదానికొకటి ఆనాలి, వాటి మధ్య కంటికి కనబడని గుంటల్లో గాలి నిలవకుండా పేస్టు పూడ్చాలి. మందంగా రాస్తే అదే అడ్డమవుతుంది. మీ ప్రాసెసర్ నలుచదరం కాదు, కొంచెం పొడుగు. కాబట్టి పొడుగు వైపు మధ్యలో సన్నగా ఒక గీత, అంతా కలిపి బఠాణీ గింజ కన్నా కాస్త ఎక్కువ. వేలితో పులమకండి, కూలర్ నొక్కినప్పుడు అదే పరుచుకుంటుంది.

కూలర్‌ను నిటారుగా దించి, ఒక మూల పిన్ను నొక్కాక దానికి ఎదురు మూలది నొక్కండి, తర్వాత మిగతా రెండు. ఒకే పక్కవి రెండూ ముందు నొక్కితే రెండో పక్క లేస్తుంది. కేసులోనే ఉంచి నొక్కితే బోర్డు వంగి ప్రాణం జివ్వుమంటుంది. ఓపిక ఉంటే బోర్డు బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి నొక్కండి, వీపు కూడా అక్కడే తిరగేసి చూసుకోవచ్చు. ఫ్యాను వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోట తిరిగి పెట్టడం మరవకండి.

మీ తప్పు చూసి నవ్వుతున్నాననుకునేరు. నేను ఇంతకన్నా సిగ్గుపడే పని చేశాను. మహబూబ్‌నగర్‌లో మా మేనల్లుడి కంప్యూటర్‌కు పెద్ద కూలర్ విడిగా కొని బిగించాను. ఆన్ చేయగానే తొంభై. పేస్టు తక్కువైందని మళ్లీ వేశాను, తొంభై. ఫ్యాను తిరగేసి పెట్టాను, తొంభై. మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ దాకా ఇదే పని. చివరికి మేనల్లుడే కూలర్ అడుగున గోరుతో గీకి, ‘మామా, ఇదేంది?’ అని సన్నటి ప్లాస్టిక్ పొర ఒకటి ఊడదీశాడు. పెట్టే ముందు తీసేయాలని దాని మీదే రాసి ఉంది. రెండుసార్లూ నేను పేస్టు రాసింది ఆ పొర మీదనే. మీ డబ్బా ఫ్యానుకు అలాంటి పొర ఉండదు, పేస్టే రాసి వస్తుంది. విడిగా కూలర్ కొన్నవాళ్లు మాత్రం ముందు అడుగు చూసుకోండి.

కూలర్ సరిగా కూర్చున్నాక మీకు కొత్త దృశ్యం కనబడుతుంది: వాట్లు 71 దగ్గర ఆగకుండా 110, 120, ఇంకా పైకి పోతాయి, ఉష్ణోగ్రత మళ్లీ వందకు చేరొచ్చు. అప్పుడు నన్ను తిట్టుకోకండి, ఇది వేరే సంగతి. చాలా బోర్డులు ఇంటెల్ చెప్పిన హద్దులను పక్కనపెట్టి ప్రాసెసర్‌ను ఎంతైనా తాగనిస్తాయి. కొన్నైతే మొదటిసారి ఆన్ చేయగానే ‘మీ కూలర్ ఏది?’ అని అడుగుతాయి. గొప్పగా ఉందని వాటర్ కూలర్, అంటే లిక్విడ్ కూలర్ మీద నొక్కేస్తాం, బోర్డు నమ్మేస్తుంది. బయోస్‌లోకి, అంటే ఆన్ చేసేటప్పుడు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి డబ్బా కూలర్ అనే ఎంపిక ఉంటే అది పెట్టండి. లేకపోతే పవర్ లిమిట్ 1, పవర్ లిమిట్ 2 అని ఉండే చోట మొదటిది (ఎక్కువసేపు లాగే హద్దు) 65, రెండోది (కొద్దిసేపు లాగే హద్దు) 120 రాసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ నడపండి. ఉష్ణోగ్రత 80 దాటకపోతే మొదటిదాన్ని ఐదైదు వాట్లు పెంచుకుంటూ పోయి, 88 దగ్గర ఆపండి. వాట్లు సగం చేస్తే వేగం సగం కాదు. ఆ చివరి కొద్దిపాటి వేగం కోసమే ప్రాసెసర్ ఎక్కువ కరెంటు తాగుతుంది.

వీడియో పని కాబట్టి ఇంకొకటి. మీ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ అక్షరం లేదు, అంటే లోపలే గ్రాఫిక్స్ ఉంది, అందులో వీడియోను కుదించే ప్రత్యేక భాగం ఉంది, పేరు క్విక్ సింక్. ఎడియస్‌లో అయినా ప్రీమియర్‌లో అయినా ఎక్స్‌పోర్ట్ పెట్టేటప్పుడు హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ ఎంచుకుంటే ఆ పని చాలావరకు ఆ భాగం మీదికి పోతుంది. వేడీ తగ్గుతుంది, టైమూ తగ్గుతుంది. ఆ ఎంపిక బూడిదరంగులో చచ్చిపడి ఉంటే బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్ ఆఫ్‌లో ఉందేమో చూడండి.

ఊరికే ఉన్నప్పుడు 54 అన్నారు. దానికి బెంగ వద్దు. యూట్యూబ్‌లో ఎవరో 32 చూపించాడంటే వాడి గది 21లో ఉంటుంది. కూలర్ అనేది గది వేడి కన్నా కిందికి దించలేదు, దానిపైన ఎంత ఎక్కువ ఉండాలన్నదే దాని చేతిలో ఉంటుంది. బయట 43, 44 ఉండే నల్లగొండ జిల్లా మే నెలలో మీ స్టూడియో లోపల 38 ఉందనుకుందాం. 54 అంటే గది కన్నా పదహారు ఎక్కువ, అంతే. పిన్ను సరిచేశాక ఇంకో నాలుగైదు తగ్గుతుంది. మీ దగ్గర గది ఉష్ణోగ్రత చూసే చిన్న డిజిటల్ మీటరు లేకపోతే కొనుక్కోండి. లిక్విడ్ కూలర్ కన్నా ముందు అది కావాలి.

‘ఐ7 అంటే అట్లనే ఉంటది’ అన్నాయన మాట పూర్తిగా అబద్ధమూ కాదు. 2022లో వచ్చిన రైజెన్ 7000 వరసలో ఎక్స్ రకాలు పూర్తి పనిలో 95 దగ్గర నడిచేలానే చేశామని ఏఎండీ చెప్పింది. వేడిగా ఉన్నదల్లా చెడిపోయినట్టు కాదు. కానీ 71 వాట్లకే వంద చూపించే ఐ7ని ‘అంతే’ అని పంపడం మాత్రం బద్ధకం.

మీరు రాయలేదు కానీ నేను ఊహించగలను: ఆ కేసు కంప్యూటర్ టేబుల్ కింది గూట్లో ఉంది కదా? వెనక చెక్క, ముందు చిన్న తలుపు. బయటికి తీయండి. అందులో కేసు తాను వదిలిన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది. ముందు అద్దం ఉన్న కేసుల్లో గాలి పక్క సందుల్లోంచే రావాలి కాబట్టి ముందు భాగాన్ని గోడకో బీరువాకో ఆనించకండి. ముందు ఫ్యాను లోపలికి లాగాలి, వెనకది బయటికి తోయాలి. ఫ్యానుకు కమ్మీలు అడ్డంగా ఉన్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది. ఒక కాగితం ముక్క పట్టుకుని చూస్తే తెలిసిపోతుంది.

మీ ఊరికి ఇంకో ప్రత్యేకత, రైస్ మిల్లులు. యాసంగి వడ్లు మిల్లులకు వచ్చే ఈ నెలల్లో ఊక దుమ్ము ఎంతుంటుందో నేను చెప్పక్కర్లేదు, సాయంత్రానికి బండి సీటు మీద వేలితో పేరు రాయొచ్చు. ఆ దుమ్మే కూలర్ రేకుల మధ్య దుప్పటిలా పరుచుకుంటుంది. ముందున్న జాలీని పదిహేను రోజులకోసారి దులపండి. బ్లోయరు కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, గిర్రున తిరగనిస్తే బేరింగు పోతుంది. గదిలో నీళ్లు పోసే ఎయిర్ కూలర్ ఉంటే దాని గాలి నేరుగా కేసుకు కొట్టకుండా చూసుకోండి. తడి గాలి, తుంపర, పైగా మన బోరు నీళ్ల ఉప్పు. కూలర్ గడ్డికి పట్టే తెల్లటి పొక్కు చూశారుగా, అది బోర్డు మీద పడాలని కోరుకోం.

పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం పరీక్షకు మంచిదే, అలవాటుకు కాదు. తెరిచి ఉంచిన కేసులోకి దూరి బోర్డు మీదే మాడిపోయిన బల్లిని ఒకసారి పట్టకారుతో తీశాను. అది మీకు వద్దు.

లిక్విడ్ కూలర్ సంగతి. పిన్ను సరిచేసి, హద్దులు పెట్టాక కూడా మీకు ఇంకా వేగం కావాలనిపిస్తే, నాలుగు రాగి గొట్టాలు, 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్ రెండు మూడు వేలల్లో వస్తుంది. అది చాలు. కొనేటప్పుడు రెండే చూడండి: ఎల్‌జీఏ1700కు, అంటే మీ బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌కు, బిగించే క్లాంపు డబ్బాలో ఉందా, ఎత్తు మీ కేసులో పడుతుందా. పాత ఇంటెల్ బోర్డుల్లో రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, మీ బోర్డుకు 78, పాత క్లాంపు పట్టదు. పంపు, గొట్టాలు, వాటి వారంటీ తిప్పలు మిల్లు దుమ్ములో పని చేసే స్టూడియోకు ఎందుకో నాకు అర్థం కాదు. పైగా ఆనకుండా పెడితే తొమ్మిది వేల కూలరైనా వందే చూపిస్తుంది.

ప్రాసెసర్ పోతుందా అన్నారు. వంద దగ్గర వేగం తగ్గించుకుని తనను తాను కాపాడుకుంటుంది, అంతకు మించితే మొత్తం ఆగిపోతుంది. మూడు వారాలకు ఏమీ కాదు. ఇన్ని రోజులూ నష్టపోయింది మీ టైమే.

పేస్టు తెచ్చి విప్పే తీరిక ఈ వారం లేదు, రేపే ఎవరికో పెళ్లి వీడియో ఇవ్వాలి అనుకోండి. బయోస్‌లో ఆ రెండు హద్దులూ 50 వాట్లు పెట్టి, కేసును గూట్లోంచి బయటికి తీసి, ఎక్స్‌పోర్ట్‌ను తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టండి. ఆ వేళకు గది ఎనిమిది, పది డిగ్రీలు చల్లగా ఉంటుంది. నెమ్మదిగానే అయినా వందకు పోకుండా ఒకే తీరున నడిచి పని పూర్తవుతుంది. కస్టమర్‌కు పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపాక పక్క తలుపు విప్పండి.